మిగిలిన ఇంకు లాగి వాడాక ప్రింట్ హెడ్ మొరాయిస్తే ఏం చెయ్యాలి

ప్రింటరేమో ఇంకు అయిపోయింది అంటుంది, కార్ట్రిడ్జ్ తీసి ఊపితే లోపల ఇంకా ఉన్నట్టే వినిపిస్తుంది. అప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే, సిరంజి పెట్టి ఆ మిగిలింది లాగేసి ఇంకో కార్ట్రిడ్జ్‌లోకో ట్యాంక్‌లోకో ఎక్కించేద్దాం అని. అందులో తప్పేం లేదు, జాగ్రత్తగా చేస్తే పని చేస్తుంది కూడా. అసలు గొడవ ఎక్కడ మొదలవుద్దంటే, ఎక్కించాక గీతలు రావడమో, ఒక రంగు మొత్తం మాయమైపోవడమో, పసుపు రావాల్సిన చోట ఆకుపచ్చ రావడమో జరిగితే వెంటనే హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్ నొక్కేస్తాం, తగ్గకపోతే మళ్ళీ నొక్కుతాం, అలా నొక్కుతూనే ఉంటాం. క్లీనింగ్ అంటే ఏదో మందు పోసి కడగడం కాదండి, కింద ఉన్న చిన్న పంపుతో నాజిల్స్ (హెడ్ అడుగున ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు) నుంచి ఇంకుని గట్టిగా పీల్చడం, అంతే. లోపల గాలి ఉన్నప్పుడు, ఇంకు సరిగ్గా అందనప్పుడు అలా పీల్చుకుంటూ పోతే ఇంకా గాలే లోపలికి వస్తుంది, పైగా ఆ పీల్చిన ఇంకంతా వేస్ట్ ప్యాడ్‌లోకి (వృథా ఇంకుని పీల్చుకునే మెత్తలోకి) పోయి అది నిండిపోతుంది. అందుకే ముందు రోగం ఏంటో తేల్చుకుందాం, మందు తర్వాత.

మిగిలిన ఇంకుకీ కొత్త ఇంకుకీ తేడా ఏంటి

కంపెనీలో నింపేటప్పుడు ఇంకులో కరిగి ఉన్న గాలిని కూడా వీలైనంత తీసేస్తారు, ఎప్సన్ కార్ట్రిడ్జ్‌లు వ్యాక్యూమ్ ప్యాక్‌లో వచ్చేది అందుకే. మనం సన్న సూదితో లాగినప్పుడు, మళ్ళీ ఇంకో దాంట్లోకి కొట్టినప్పుడు గాలి బోలెడంత కలుస్తుంది, నురగ కూడా వస్తుంది. ఇది మొదటి సమస్య, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే.

రెండోది చెత్త. కార్ట్రిడ్జ్ అడుగున మిగిలిన ఇంకు చాలా రోజులుగా అక్కడే ఉంటుంది, కొంచెం నీరు ఆవిరై చిక్కబడి ఉంటుంది, అంచుల్లో ఎండిన పొరలు, స్పాంజ్ పోగులు ఉంటాయి. నాజిల్ రంధ్రం వెంట్రుక మందం కంటే కూడా చిన్నది, అందులోంచి వచ్చే చుక్కని పికోలీటర్లలో కొలుస్తారు, అంటే లీటర్లో లక్ష కోట్లవ వంతు. అలాంటి రంధ్రానికి ఒక్క పోగు ముక్క చాలు.

మూడోది జాతి కలవకపోవడం. ఇంకుల్లో డై, పిగ్మెంట్ అని రెండు రకాలు. డై అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయిన రంగు, పిగ్మెంట్ అంటే కరగకుండా తేలుతూ ఉండే సన్నటి పొడి. ఆ పొడి గడ్డకట్టకుండా ఉండడానికి వాటిలో వేరే కెమికల్స్ ఉంటాయి, అందులోకి డై ఇంకు పోస్తే ఆ బ్యాలెన్స్ పోయి పాలు విరిగినట్టు విరిగిపోవచ్చు. నలుపూ నలుపే కదా అని కలిపేవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే. కానన్‌లో చాలా మోడల్స్‌లో రెండు నలుపులు ఉంటాయి, పీజీబీకే అని రాసి ఉన్నది పిగ్మెంట్, ఉత్త బీకే అని ఉన్నది డై, చూడ్డానికి రెండూ ఒకటే నలుపు.

నాలుగోది, వేడితో పనిచేసే హెడ్‌కి చేసిన ఇంకు, పీజో హెడ్‌కి చేసిన ఇంకు ఒకటి కాదు. దాని గురించి కిందే చెప్తా.

మీ హెడ్ ఏ రకమో ముందు తెలుసుకోండి

హెచ్‌పీ, కానన్ ఇంట్లో వాడే ఇంక్‌జెట్‌లు ఎక్కువగా థర్మల్. ప్రతి నాజిల్ వెనక చిన్న హీటర్ ఉంటుంది, అది క్షణంలో వెయ్యో వంతు కూడా పట్టకుండా ఇంకుని మరిగించి బుడగ తెప్పిస్తుంది, ఆ బుడగ చుక్కని బయటికి తోస్తుంది. (ఈ ఐడియా పుట్టిందే సిరంజి వల్ల. 1977లో కానన్ ల్యాబ్‌లో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు ఉన్న సిరంజి సూదికి తగిలితే ఇంకు చిమ్మిందట, దాన్నుంచే బబుల్ జెట్ వచ్చింది. అంటే మనం చేతిలో పట్టుకున్న సరంజామాకి ఈ ప్రింటర్లతో పాత బంధుత్వమే ఉంది.) ఎప్సన్, బ్రదర్ వాళ్ళవి పీజో. కరెంటు ఇస్తే వంగే చిన్న క్రిస్టల్ ఇంకుని నొక్కుతుంది, ఇక్కడ వేడి పనిలేదు.

దీనివల్ల మనకేంటి అంటే, థర్మల్ హెడ్‌ని చల్లబరిచేది కూడా ఇంకే. ఇంకు అందకుండా ప్రింట్ కొడుతూ ఉంటే హీటర్లు కాలిపోతాయి, కాలిపోయిన నాజిల్‌ని ఏ లిక్విడ్డూ బతికించలేదు. పీజో హెడ్ అలా కాలదు గానీ దానికి గాలి అంటే పడదు, నాజిల్ వెనక చిన్న బుడగ ఉన్నా క్రిస్టల్ నొక్కిన నొక్కుడంతా ఆ బుడగే తినేస్తుంది, చుక్క బయటికి రాదు. ఇంకు విషయానికొస్తే పీజో ఇంకు తీసుకెళ్ళి థర్మల్‌లో పోస్తే హీటర్ మీద మాడు పట్టే అవకాశం ఉంది, అది మెల్లగా ప్రింట్‌ని పలచబరుస్తుంది. ఇంకులు బ్రాండ్ దాటించొద్దు అనేది అందుకే.

ఇంకో సంగతి, హెడ్ ఎక్కడుంది అనేది. కొన్ని కార్ట్రిడ్జ్‌లకి కింద రాగి రంగు కాంటాక్టులు, బంగారు రంగు నాజిల్ ప్లేట్ ఉంటాయి, అంటే హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంది, పాడైతే కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ మారినట్టే, పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కింద ఉత్త స్పాంజో రబ్బరు రంధ్రమో ఉంటే హెడ్ ప్రింటర్లో ఉన్నట్టు. కానన్‌లో విడి రంగుల ట్యాంకులు ఉండే మోడల్స్ చాలావాటిలో ఆ హెడ్ బయటికి వస్తుంది, ఎప్సన్‌లో మామూలుగా రాదు. రానివాటితో ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యాలి.

నాజిల్ చెక్ కొట్టి చదవండి, క్లీనింగ్ కాదు

ఇదే అసలు పని. ఫోటో కొట్టి బాలేదు అనుకుంటే ఏం తెలీదు, నాజిల్ చెక్ ప్యాటర్న్ (ప్రతి రంగు గీతల్నీ కొట్టి చూపించే ప్రింటర్ పరీక్ష పేజీ) మాత్రమే నిజం చెప్తుంది. క్లీనింగ్ చెయ్యకుండా వరుసగా రెండు మూడు నాజిల్ చెక్‌లు కొట్టి పక్కపక్కన పెట్టి చూడండి.

ఖాళీలు ప్రతి కాగితం మీదా సరిగ్గా అదే చోట ఉంటే ఆ నాజిల్స్ మూసుకుపోయాయి, లేదా కాలిపోయాయి. ఖాళీలు ఒకసారి ఇక్కడ ఇంకోసారి అక్కడ తిరుగుతుంటే అది గాలి, మూసుకుపోవడం కాదు. ప్యాటర్న్ మొత్తం బాగుండి పెద్ద బొమ్మ కొడితే మాత్రం పైన ముదురుగా మొదలై కిందకి వచ్చేసరికి వెలిసిపోతుంటే, కాసేపు ఆపి కొడితే మళ్ళీ బాగా వస్తుంటే, ఇంకు అందట్లేదు. ఒక రంగు మొత్తానికే సున్నా అయితే పెద్ద గాలి తిత్తి అడ్డం పడిందనో, కార్ట్రిడ్జ్ సరిగ్గా కూర్చోలేదనో, టేప్ తియ్యలేదనో అనుకోవచ్చు, కరెంటు సమస్య అనేది ఆఖరున అనుమానించండి. రంగులో వేరే రంగు కలిసి వస్తుంటే అది మళ్ళీ వేరే కథ.

పసుపు ప్యాటర్న్ తెల్ల కాగితం మీద కంటికి ఆనదు కదా, ఫోన్ స్క్రీన్ మీద ముదురు నీలం రంగు నిండుగా పెట్టి చీకట్లో ఆ వెలుగులో చూడండి, పసుపు గీతలు నల్లగా కనిపిస్తాయి. చాలామంది పసుపు బాగానే ఉందనుకుని మిగతా రంగుల మీద పడి కడుగుతుంటారు.

గాలి అయితే

వదిలెయ్యండి. నిజంగానే. ప్రింటర్ ఆఫ్ చేసి ఒక పూట, కుదిరితే పన్నెండు గంటలు అలా ఉంచేస్తే చిన్న బుడగలు ఇంకులో కరిగిపోవడమో పైకి తేలడమో జరుగుతుంది, తర్వాత ఒక నాజిల్ చెక్, అవసరమైతే ఒక్క క్లీనింగ్, మళ్ళీ నాజిల్ చెక్. మూడు సార్లలో మార్పు లేకపోతే నాలుగోది నొక్కొద్దు, మళ్ళీ పన్నెండు గంటలు. ఓపిక లేకపోవడం వల్ల పోయే ఇంకు, హెడ్ చెడిపోవడం వల్ల పోయేదానికంటే ఎక్కువని నా అభిప్రాయం.

ట్యాంక్ మోడల్స్‌లో పవర్ క్లీనింగ్ అని ఒకటుంటుంది, అది పైపుల్లో ఉన్న ఇంకు మొత్తాన్ని లాగి కొత్తది తెస్తుంది. గాలి పైపుల్లోకి వెళ్ళినప్పుడు అదే దిక్కు. కానీ ట్యాంకులు కనీసం మూడో వంతు నిండి ఉండాలి, అడుగంటిన ట్యాంకుతో పవర్ క్లీనింగ్ చేస్తే పైపులన్నీ గాలితో నిండిపోయి ఉన్న సమస్య పదింతలవుతుంది. మిగిలిన ఇంకు వాడే వాళ్ళ ట్యాంకులు మామూలుగా అడుగునే ఉంటాయి కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా.

హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉన్నదైతే గాలి స్పాంజ్‌లో ఇరుక్కుని ఉంటుంది. నాజిల్స్ కిందకి ఉండేలా తడి టిష్యూ మీద కొన్ని గంటలు నిలబెట్టండి. రాకపోతే నాజిల్ ప్లేట్‌కి రబ్బరు కప్పు ఆనించి సిరంజితో మెల్లగా ఒక మిల్లీలీటర్ వరకూ లాగండి, ముందు నురగ వస్తుంది, తర్వాత శుభ్రంగా ఇంకు వస్తే ఆపెయ్యండి.

ఇంకు అందకపోతే

ఇంకు బయటికి వెళ్ళాలంటే ఆ మేరకు గాలి పైనుంచి లోపలికి రావాలి, దానికోసం కార్ట్రిడ్జ్ పైన సన్నటి గాలి దారి ఉంటుంది, చాలాసార్లు లేబుల్ కిందే ఉంటుంది. ఇంకు ఎక్కించాక కారకూడదని పైన మొత్తం టేప్ వేసేస్తారు చూడండి, అక్కడే దెబ్బ. ఆ టేప్ పీకి సూది గుచ్చిన రంధ్రం ఒక్కటే మూయండి, గాలి దారి వదిలెయ్యండి. ఇంకో కారణం ఎండిపోయిన స్పాంజ్. పూర్తిగా ఎండిన స్పాంజ్ ఇంకుని సరిగ్గా పీల్చుకోదు, మధ్యలో పొడి మచ్చలు మిగిలిపోతాయి, కాబట్టి ఎండిపోకముందే నింపాలి, నింపేటప్పుడు సూది అడుగు దాకా దించి మెల్లమెల్లగా ఎక్కించాలి. కొంచెం లేటైనా పర్లేదు.

థర్మల్ అయితే ఈ సమస్య ఉన్నంతసేపూ ప్రింట్ కొట్టకండి, హీటర్లు ఖాళీగా కాలుతున్నాయని గుర్తు పెట్టుకోండి.

నిజంగానే మూసుకుపోతే

ఇప్పుడు కడగడం. కడగడానికి డిస్టిల్డ్ వాటర్ గానీ ప్రింట్ హెడ్ క్లీనింగ్ లిక్విడ్ గానీ. కుళాయి నీళ్ళు వద్దు, అందులో లవణాలు ఎండి అవే కొత్త అడ్డంకి అవుతాయి. అసిటోన్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, జిగురు, ప్లాస్టిక్ రెండూ పోతాయి. ఆల్కహాల్ కాంటాక్టులు తుడవడానికి బాగుంటుంది గానీ పిగ్మెంట్ ఇంకు దానికి తగిలితే ఇంకా గడ్డకట్టొచ్చు, నాజిల్స్‌కి వాడకండి.

హెడ్ ఉన్న కార్ట్రిడ్జ్‌కి పని తేలిక. పోగులు రాని గుడ్డనో టిష్యూనో గోరువెచ్చటి డిస్టిల్డ్ నీళ్ళతో తడిపి మడతపెట్టి, నాజిల్ ప్లేట్‌ని దాని మీద ఒక నిమిషం నొక్కి పట్టి ఎత్తండి. రుద్దొద్దు, అద్దాలి. రంగుల కార్ట్రిడ్జ్ అయితే మూడు రంగుల పట్టీలు విడివిడిగా అచ్చు పడాలి, ఏది పడట్లేదో అదే దొంగ. లొంగకపోతే పళ్ళెంలో రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వెచ్చటి నీళ్ళు పోసి నాజిల్ భాగం మాత్రం ఐదు పది నిమిషాలు నాననివ్వండి, కాంటాక్టులకి తడి తగిలితే బాగా తుడిచి ఆరాకే ప్రింటర్లో పెట్టండి.

కానన్‌లాగా బయటికి వచ్చే హెడ్‌ని కూడా అలాగే నాజిల్ వైపు మాత్రం నానబెట్టొచ్చు, పై నుంచి ఇంకు వచ్చే రంధ్రాల్లో రెండేసి చుక్కలు వేస్తే దిగుతాయి. ఎలక్ట్రానిక్స్ వైపు తడవకూడదు. తర్వాత ఆరబెట్టడమే అసలు పరీక్ష, బయట పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది, ఒక రోజు మొత్తం ఆగండి. తడి హెడ్ పెట్టి ఆన్ చేస్తే షార్ట్ అయి హెడ్డే కాదు, ఒక్కోసారి లోపలి బోర్డు కూడా పోతుంది. హెయిర్ డ్రయర్ వేడి గాలి కొట్టేవాళ్ళున్నారు, వద్దు.

బయటికి రాని హెడ్ అయితే ప్రింట్ ఇచ్చి హెడ్ కదులుతున్నప్పుడు ప్లగ్ పీకండి, అప్పుడు అది చేత్తో అటూ ఇటూ జరుగుతుంది. పక్కకి జరిపి చూస్తే అది రెస్ట్ తీసుకునే చోట చిన్న స్పాంజ్, చుట్టూ రబ్బరు అంచు కనిపిస్తుంది, దాన్ని క్యాపింగ్ స్టేషన్ అంటారు. ముందు దీన్ని చూడండి అసలు. ఆ రబ్బరు అంచు మీద ఎండిన ఇంకు ఉంటే హెడ్‌కి గట్టిగా అతుక్కోదు, అతుక్కోకపోతే పంపు పీల్చినా గాలే వస్తుంది, మీరు ఎన్ని క్లీనింగ్‌లు కొట్టినా దండగ. అంచుని తడి ఇయర్ బడ్‌తో తుడిచి, పక్కనే ఉండే రబ్బరు వైపర్‌ని కూడా తుడిచి, స్పాంజ్ మీద క్లీనింగ్ లిక్విడ్ చుక్కలు నిండుగా వేసి హెడ్‌ని దాని మీదకి తెచ్చి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ప్లగ్ పెట్టి ఒక క్లీనింగ్. దీనికీ లొంగకపోతే మడత పెట్టిన తడి గుడ్డ పట్టీని హెడ్ దారిలో పరిచి హెడ్‌ని దాని మీదకి జరిపి కొన్ని గంటలు ఉంచొచ్చు. సిరంజితో పై నుంచి బలంగా లిక్విడ్ కొట్టే వీడియోలు చూసి పీజో హెడ్ మీద ఆ ప్రయోగం చెయ్యకండి, లోపలి పొరలు చిరిగితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారడం మొదలవుద్ది, అప్పుడు హెడ్ మార్చడమే.

రంగులు కలిసిపోతే

పసుపు ఆకుపచ్చగా వస్తే అందులోకి సయాన్ (నీలం ఇంకు) దూరినట్టు, నారింజగా వస్తే మజెంటా (ముదురు గులాబీ ఇంకు). మామూలు కారణం ఎక్కువ నింపడం. స్పాంజ్ ఇంకుని పట్టి ఉంచే బలం మీదే మొత్తం బ్యాలెన్స్ ఉంటుంది, నిండిపోయి పొంగితే నాజిల్స్ నుంచి కారి పక్క రంగులోకి పోతుంది. కొంచెం వెనక్కి లాగి, నాజిల్స్ అద్ది, ఆ ఒక్క రంగుతో నిండుగా ఉండే పేజీలు రెండు మూడు కొట్టండి, కొద్దిగా దూరినదైతే పోతుంది. సూది గుచ్చేటప్పుడు మూడు రంగుల గదుల్లో ఏది ఏదో తెలీకుండా తప్పు గదిలో పోసేస్తే మాత్రం ఆ కార్ట్రిడ్జ్ ఇంక అంతే, స్పాంజ్‌ని కడిగి శుభ్రం చెయ్యడం అయ్యే పని కాదు. గదుల వరస మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ముందే సన్న పుల్ల దించి రంగు చూస్కోవాలి.

డై పిగ్మెంట్ కలిసి విరిగినా ఇదే మాట, స్పాంజ్ ఉన్నదైతే పారెయ్యండి, ట్యాంక్ అయితే మొత్తం లాగేసి డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి పైపుల్లో కూడా క్లీనింగ్ లిక్విడ్ తిప్పాలి. ఎప్సన్ హెడ్ పైన డ్యాంపర్ అనే చిన్న డబ్బాలుంటాయి, అందులో జల్లెడ ఉంటుంది, విరిగిన గడ్డలన్నీ అక్కడ చేరతాయి, హెడ్ బాగున్నా ఇంకు దిగదు. డ్యాంపర్ మార్చితే సరిపోయేదానికి హెడ్ పోయిందని ప్రింటర్ పక్కన పెట్టేసినవాళ్ళు కొందరున్నారు.

ఇంక లాభం లేదు అని ఎప్పుడు అనుకోవాలి

కానన్‌లో బీ200 అనే ఎర్రర్ కోడ్ వస్తే హెడ్ ఓల్టేజీ లేదా వేడి సమస్య, 1403 వస్తే హెడ్ పాడైనట్టు, 1401 అయితే హెడ్ పెట్టలేదనో గుర్తించలేదనో, దీనికి మాత్రం కాంటాక్టులు తుడిచి మళ్ళీ బిగించి చూడొచ్చు. 5బీ00 వస్తే వేస్ట్ ప్యాడ్ నిండిపోయింది, హెడ్‌కి సంబంధం లేదు, మీరు కొట్టిన క్లీనింగ్‌ల బిల్లు అది. థర్మల్‌లో నాన్చి కడిగి ఆరబెట్టాక కూడా ఖాళీలు వెంట్రుకవాసి కదలకుండా అక్కడే ఉంటే హీటర్లు పోయాయి. పీజోలో అయితే ఇంకొన్నాళ్ళు చూడొచ్చు, రోజుకో గీత తిరిగి వస్తుంటే వదలకండి.

మళ్ళీ ఎక్కించే ముందు

ముందుగా రెండు ఇంకుల్నీ చిన్న గాజు సీసాలో రెండేసి చుక్కలు కలిపి ఒక రోజు ఉంచండి, తర్వాత ఆ సీసాని వంచి చూస్తే అడుగున మడ్డి గానీ గోడకి గింజలు గానీ కనిపిస్తే కలపొద్దు. డైనా పిగ్మెంటా తెలీకపోతే ఆరిన ప్రింట్ మీద నీటి చుక్క వెయ్యండి, డై అయితే రంగు పాకుతుంది, పిగ్మెంట్ దాదాపు కదలదు. లాగిన ఇంకుని సిరంజిలోనే నిలువుగా కొన్ని గంటలు పెడితే బుడగలు పైకొస్తాయి, అడుగున చివరి కొంచెం వాడకుండా వదిలెయ్యండి. సిరంజికి పెట్టే ఫిల్టర్లు దొరుకుతాయి, వాడితే మంచిదే, కానీ పిగ్మెంట్‌కి మరీ సన్నది పెడితే రంగే ఫిల్టర్లో ఆగిపోతుంది. ఏళ్ళ నాటి తెరిచిన కార్ట్రిడ్జ్‌లో ఇంకు అయితే ఆశ పెట్టుకోకండి, ఎప్సన్ వాళ్ళే తెరిచాక ఆరు నెలల్లో వాడెయ్యమంటారు. వేస్ట్ ప్యాడ్‌లోంచి పిండిన ఇంకు వాడే వీరులు కూడా ఉన్నారు, వాళ్ళకి చెప్పేదేం లేదు.

చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఎక్కించినా లెవెల్ ఖాళీ అనే చూపిస్తుంది. కానన్‌లో స్టాప్ బటన్ ఐదు సెకన్లకి పైగా నొక్కి పట్టుకుంటే ఆ రంగు లెవెల్ చూడ్డం మానేసి ప్రింట్ చేస్తుంది, కానీ ఆ తర్వాత ఇంకు నిజంగా అయిపోయినా హెచ్చరించదు, థర్మల్ హెడ్ కాలేది సరిగ్గా అప్పుడే. కాబట్టి నింపిన వెంటనే కార్ట్రిడ్జ్‌ని చిన్న డిజిటల్ తూకం మీద పెట్టి బరువు దాని మీదే మార్కర్‌తో రాసుకోండి, అప్పుడప్పుడు తీసి తూచితే ఎన్ని గ్రాములు తగ్గిందో అన్ని మిల్లీలీటర్లు ఖర్చయినట్టు సుమారుగా తెలిసిపోతుంది.